క్రిప్టోకరెన్సీ ప్రోటోకాల్ మార్పుల్లో సామాన్య వినియోగదారుల మాట చెల్లుబాటు కావడానికి మార్గం ఉందా?

చిన్న_వాలెట్ (ప్రశ్న)

నేను డెవలపర్‌ను కాను, మైనింగ్ (కంప్యూటర్ శక్తితో లావాదేవీలను బ్లాకులుగా పేర్చి కొత్త నాణేలు సంపాదించే పని) చేయను, నాణేలను పెద్ద మొత్తంలో పోగేసుకున్నవాణ్ణీ కాను. రెండు మూడు క్రిప్టోకరెన్సీలను సొంత వాలెట్‌లో ఉంచుకొని, డబ్బు పంపడానికీ అందుకోవడానికీ మాత్రమే వాడుకుంటాను. ఈ నెట్‌వర్కులకు యజమాని అంటూ ఎవరూ లేరనీ, నియమాలను నిర్ణయించేది వినియోగదారులేననీ ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. కానీ ఆచరణలో రుసుము లెక్కగట్టే పద్ధతి మారినా, కొత్త నాణేల జారీ మారినా, ఆ సంగతి నాకు తెలిసేది వాలెట్‌ను అప్‌డేట్ చేసుకోమని సందేశం వచ్చినప్పుడే. అప్పటికి చర్చ ముగిసి, కోడ్ రాయడం పూర్తయి, అమలు తేదీ కూడా ఖరారై ఉంటుంది.

కొన్ని నెట్‌వర్కుల్లో ఓటింగ్ ఉన్న మాట నిజమే. అయితే అక్కడ ఓటు మనిషికి కాదు, నాణేనికి. నా దగ్గరున్న కొద్దిపాటి నాణేలతో వేసే ఓటు ఒక్క పెద్ద ఖాతా ముందు ఏ మూలకూ రాదు. ఓటింగ్ లేని చోట డెవలపర్లు, మైనర్లు, పెద్ద కంపెనీలు ఒక మాట అనుకుంటే దానికే ఏకాభిప్రాయం అని పేరు పెడుతున్నారు.

సామాన్య వినియోగదారులు ఒక ప్రోటోకాల్ (నెట్‌వర్కు నియమావళి) మార్పును నిజంగా ఆపగలిగిన, లేదా సాధించుకోగలిగిన సందర్భాలు ఏమైనా ఉన్నాయా? ఉంటే అది ఏ మార్గంలో సాధ్యమైంది? కొత్తగా ఒక పద్ధతిని రూపొందించేవారు నాణేన్ని బట్టి ఓటు ఇవ్వాలా, మనిషిని బట్టి ఇవ్వాలా? సాంకేతిక విషయాలు అందరికీ అర్థం కావు గనుక నిపుణులకే వదిలేయాలన్న వాదన నాకు తెలుసు. డిజిటల్ సంతకానికి ఏ అల్గోరిథం వాడాలన్న దాకా వస్తే ఆ వాదనను ఒప్పుకుంటాను కూడా. కానీ రుసుము ఎవరి జేబులోకి పోవాలి, ఒకరి ఖాతాను మిగిలినవారు స్తంభింపజేయవచ్చా అనేవి సాంకేతిక ప్రశ్నలు కావు కదా. నినాదాలు కాకుండా, జరిగిన ఉదాహరణలతో చెప్పగలిగినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నోడు_కాపరి

మీరు అడిగిన సందర్భం బిట్‌కాయిన్‌లోనే ఉంది. 2017లో జరిగినదాన్ని చాలామంది బ్లాకు పరిమాణం మీద గొడవ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, అసలు తగువు నియమాలను మార్చే అధికారం ఎవరిదన్న దాని మీద జరిగింది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

లావాదేవీల్లోని సంతకాలను విడిగా ఉంచే సెగ్విట్ అనే మార్పును బీఐపీ 141 (బీఐపీ అంటే బిట్‌కాయిన్ మార్పు ప్రతిపాదన) పేరుతో ప్రతిపాదించారు. అప్పట్లో పాటించిన బీఐపీ 9 పద్ధతి ప్రకారం, 2016 బ్లాకుల వ్యవధిలో 95 శాతం బ్లాకులు అంగీకార సంకేతాన్ని మోస్తే తప్ప మార్పు అమలులోకి రాదు. ఆ సంకేతం అంటే బ్లాకు శీర్షికలోని వెర్షన్ సంఖ్యలో ఒకే ఒక్క బిట్. దాన్ని పెట్టేదీ పెట్టకుండా ఉండేదీ ఆ బ్లాకును తయారుచేసే మైనరు. మైనర్లు కొత్త సాఫ్ట్‌వేర్‌కు సిద్ధంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి పెట్టిన ఏర్పాటు కాస్తా, ఐదు శాతానికి మించి మైనింగ్ శక్తి ఉన్న ఎవరికైనా మార్పును అడ్డుకొనే హక్కుగా తయారైంది. 2016 నవంబరులో సంకేతాలు మొదలైతే, నెలలు గడిచినా 95 శాతం దరిదాపులకు కూడా చేరలేదు.

2017 మార్చిలో మారుపేరుతో రాసే ఒక డెవలపరు, తరువాత బీఐపీ 148గా పేరుపడిన ప్రతిపాదనను ముందుకు తెచ్చారు. అందులో ఓట్ల లెక్కింపు లేదు, మైనర్లకు విన్నపమూ లేదు. ఆగస్టు 1 తరువాత సెగ్విట్ సంకేతం లేని బ్లాకు ఏది వచ్చినా ఈ సాఫ్ట్‌వేర్ నడిపే నోడు, అంటే నియమాలను సరిచూసే కంప్యూటరు, దాన్ని చెల్లనిదిగా పక్కన పెడుతుంది, అంతే. మైనరు విద్యుత్తు ఖర్చుపెట్టి బ్లాకును తయారుచేసినా, దాన్ని స్వీకరించే నోడ్లు లేకపోతే అందులో వచ్చిన నాణేలను డబ్బుగా తీసుకొనేవారు ఉండరు. గడువు దగ్గరపడగా జూలైలో బీఐపీ 91 అనే మధ్యేమార్గాన మైనర్లే సంకేతాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆగస్టు 24న 481824వ బ్లాకు దగ్గర సెగ్విట్ అమలులోకి వచ్చింది.

ఈ కథకు రెండో సగం ఇంకా ముఖ్యం. అదే సంవత్సరం మే నెలలో యాభైకి పైగా కంపెనీలు, ఎనభై శాతానికి మించిన మైనింగ్ శక్తి ఉన్నవారితో కలిసి, సెగ్విట్ తరువాత బ్లాకు పరిమాణాన్ని హార్డ్ ఫోర్క్ (పాత సాఫ్ట్‌వేర్ ఒప్పుకోని నియమ మార్పు) ద్వారా పెంచాలని ఒప్పందం చేసుకున్నాయి. సెగ్విట్2ఎక్స్ అని పేరుపడిన ఆ ప్రణాళికను నోడ్లు నడిపేవారిలో అత్యధికులు తమ కంప్యూటర్లలోకి తెచ్చుకోలేదు. విడిపోతే ఏర్పడబోయే రెండు నాణేల మీద ముందస్తు వ్యాపారం జరిగిన చోట కూడా కొత్తదానికి చాలా తక్కువ ధర పలికింది. నవంబరు 8న దాని నిర్వాహకులే ప్రణాళికను విరమించుకున్నారు.

అందువల్ల నా ఉద్దేశంలో వినియోగదారుడి అధికారం ఓటులో లేదు, నిరాకరణలో ఉంది. సొంత నోడు నడిపే మనిషి విషయంలో నియమం మారాలంటే అతడి చేత సాఫ్ట్‌వేర్‌ను మార్పించాలి, మరో దారి లేదు. బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను అప్‌డేట్ కాకుండా ఉంచడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

లెక్కల_మనిషి

నోడు_కాపరి గారు చెప్పిన సంఘటనలతో నాకు పేచీ లేదు. వాటి నుంచి తీసిన నిర్ధారణతో ఉంది. నోడ్ల సంఖ్యకు అర్థం లేదు, ఎందుకంటే ఒక్క వ్యక్తి అద్దె సర్వర్ల మీద వెయ్యి నోడ్లు నడపగలడు. 2017లో తూకాన్ని మార్చినవి ఎక్స్ఛేంజీలు, వ్యాపారులు, వాలెట్ సంస్థలు నడిపే నోడ్లు, అంటే డబ్బు చేతులు మారే చోట ఉన్నవి. నోడు నడుపుతూ దానితో ఒక్క చెల్లింపునైనా సరిచూసుకోని మనిషి నిరాకరించినా మైనరుకు తెలియనే తెలియదు. పైగా నిరాకరణ పనిచేయాలంటే కోడ్ ముందే సిద్ధంగా ఉండాలి. సెగ్విట్ అప్పటికే అనేక నోడ్లలో చేరి ఉండబట్టే ఆ ఎత్తుగడ ఫలించింది. ఇంకా ఎవరూ రాయని మార్పును వినియోగదారులు కోరుకోవడానికి ఈ మార్గం పనికిరాదు.

ఇక నాణేల ఓటు సంగతి. 2016 జూన్‌లో ది డావో అనే పెట్టుబడి నిధిని నడిపే స్మార్ట్ ఒప్పందంలోని (నెట్‌వర్కు మీద తనంతట తాను నడిచే ప్రోగ్రాములోని) లోపాన్ని వాడుకొని ఒకరు ఎథీరియం నెట్‌వర్కు నాణేలైన ఈథర్‌ను సుమారు 36 లక్షలు మళ్ళించినప్పుడు, ఎథీరియంలో ఆ సొమ్మును వెనక్కి తేవాలా వద్దా అన్న దాని మీద కార్బన్‌వోట్ అనే సైటులో నాణేల ఓటు జరిగింది. ఓటు వేసిన నాణేల్లో ఎనభై ఐదు శాతానికి పైగా తేవాలనే అన్నాయి. కానీ ఓటులో పాల్గొన్నవి మొత్తం ఈథర్‌లో పదింట ఒక వంతు కూడా కావు. జూలై 20న 1920000వ బ్లాకు దగ్గర హార్డ్ ఫోర్క్ జరిగింది, ఒప్పుకోనివారు పాత బ్లాకుల గొలుసునే ఎథీరియం క్లాసిక్ పేరుతో కొనసాగించారు. ఆ ఓటును జనాభిప్రాయం అనడానికి నాకు మనసు ఒప్పదు.

పెద్ద ఖాతాల బలాన్ని తగ్గించడానికి సూత్రాలు కనిపెట్టారు, వాటిని కాగితం మీద వేసి చూస్తే వాటి హద్దు బయటపడుతుంది. వర్గమూలం పద్ధతిలో 10,000 నాణేలున్న వ్యక్తికి 100 ఓట్లు, 100 నాణేలున్నవారికి 10 ఓట్లు. వంద రెట్ల తేడా పది రెట్లకు దిగింది కాబట్టి న్యాయంగానే కనిపిస్తుంది. ఇప్పుడు ఆ మొదటి వ్యక్తి వంద వాలెట్లు తెరిచి ఒక్కోదాంట్లో 100 నాణేల చొప్పున వేస్తే అతడికి 1,000 ఓట్లు వస్తాయి. మనిషి ఎవరో తెలియని చోట వర్గమూలం పెద్దవాడికే మేలు చేస్తుంది, ఎందుకంటే ఎక్కువ ముక్కలు చేయగలిగేది అతడే.

పోల్కడాట్ అనే నెట్‌వర్కులో మరో దారి పట్టారు. నాణేలకు తాళం వేయకుండా ఓటు వేస్తే దాని బలం పదో వంతు. అన్నిటికంటే దీర్ఘకాలం తాళం వేస్తే ఆరు రెట్లు. 100 నాణేలున్నవారు ఆరు రెట్లకు సిద్ధపడితే 600, 10,000 నాణేలున్నవారు తాళం వేయకపోతే 1,000. ఇక్కడ నిజంగానే దూరం తగ్గింది. కానీ పెద్ద ఖాతా కూడా తాళం వేస్తే మళ్ళీ వంద రెట్లే, అదీగాక చిన్న_వాలెట్ గారి వంటి మనిషి నాణేన్ని ఖర్చుకు వాడుకుంటారు గనుక నెలల తరబడి బంధించలేరు. ఈ పద్ధతి దాచుకొనేవారికి గొంతు ఇస్తుంది, వాడుకొనేవారికి ఇవ్వదు. నాణేల ఓటు గురించి జరిగే చర్చల్లో ఈ ఇద్దరినీ ఒకే గాట కట్టడం నాకు ఎప్పుడూ చిరాకు కలిగిస్తుంది.

నాణెం సొంతం కానక్కర్లేదు కూడా. 2022 ఏప్రిల్‌లో బీన్‌స్టాక్ అనే ప్రోటోకాల్ మీద దాడి చేసిన వ్యక్తి, ఒకే లావాదేవీలో తీసుకొని తీర్చేసే ఫ్లాష్ లోన్‌తో ఓటుకు కావలసిన బలం సంపాదించి, తాను ముందురోజే పెట్టి ఉంచిన ప్రతిపాదనను ఆ లావాదేవీలోనే నెగ్గించుకున్నాడు. ప్రోటోకాల్‌కు జరిగిన నష్టం సుమారు 18 కోట్ల డాలర్లు. ఓటు బలాన్ని ఓటింగ్ మొదలైన నాటి నిల్వను బట్టి లెక్కగట్టి ఉంటే ఆ దారి మూసుకుపోయేది.

తాళంచెవి

ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటి ఉంది. మీ నాణేలు ఎక్స్ఛేంజీలో ఉంటే, ఓటు మీది కాకపోవడం ఒక ఎత్తు, మీ నాణేలతో మీకు వ్యతిరేకంగా ఓటు పడడం మరో ఎత్తు.

స్టీమ్ నెట్‌వర్కులో బ్లాకులు తయారుచేసే ఇరవై మంది ముఖ్య విట్‌నెస్‌లను నాణేల ఓటుతో ఎన్నుకుంటారు. 2020లో దాన్ని ప్రారంభించిన స్టీమిట్ సంస్థను ట్రాన్ అనే మరో నెట్‌వర్కు వ్యవస్థాపకుడు జస్టిన్ సన్ కొన్నారు. సంస్థ చేతిలో మొదటి నుంచీ ఉన్న పెద్ద నిల్వను పాలనకు వాడకూడదని అప్పటి విట్‌నెస్‌లు ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్ ఫోర్క్‌తో (పాత సాఫ్ట్‌వేర్ కూడా ఒప్పుకొనేలా నియమాలను బిగించే మార్పుతో) ఆ నిల్వను స్తంభింపజేశారు. మార్చి 2న బైనాన్స్, హువోబి, పోలోనియెక్స్ ఎక్స్ఛేంజీలలో ఉన్న స్టీమ్ నాణేల ఓట్లు కొత్త జాబితాకు పడి, ఆ ఇరవై స్థానాలూ చేతులు మారాయి. ఆ నాణేలు ఖాతాదారులవి, వారినెవరూ అడగలేదు. విమర్శ రేగాక బైనాన్స్, హువోబి తమ ఓట్లను వెనక్కి తీసుకున్నాయి గానీ, స్టీమ్‌లో ఓటు కోసం తాళం వేసిన నాణేలు పూర్తిగా విడుదల కావడానికి పదమూడు వారాలు పడుతుంది. మార్చి 20న వినియోగదారుల్లో ఒక పెద్ద వర్గం హైవ్ పేరుతో విడిపోయింది.

కాబట్టి ఏ ఓటు పద్ధతిని రూపొందించినా, ఇతరుల నాణేలను దాచే సంస్థలకు ఓటు ఉండాలా వద్దా అన్నది మొదట తేల్చాలి. ఆ తేడాను గొలుసు తనంతట తాను గుర్తించలేదు.

చిన్న_వాలెట్

ముగ్గురికీ ధన్యవాదాలు. నాకు అర్థమైనంత వరకు నోడు బలం దాని వెనుక నడిచే వ్యాపారాన్ని బట్టి, ఓటు బలం నిల్వను బట్టి వస్తున్నాయి. రెండూ లేని నాలాంటివారికి మిగిలేది హైవ్ వారిలాగా విడిపోవడమేనా? అది చివరి మెట్టు కదా. అంతకు ముందు దశలో, పూర్తి సమయం దీనికే కేటాయించలేని మనిషి చేయగలిగింది ఏమిటో చెప్పగలరా?

ముసాయిదా_పాఠకుడు

విడిపోవడం దాకా వెళ్ళనక్కర్లేదని చెప్పడానికి ఎథీరియం నుంచి రెండు సంగతులు చెబుతాను. మైనింగ్ అల్గోరిథాన్ని మార్చే ప్రోగ్‌పౌ ప్రతిపాదనను, అంటే ఈఐపీ (ఎథీరియం మార్పు ప్రతిపాదన) 1057ను, అమలు చేయాలని 2020 ఫిబ్రవరిలో ముఖ్య డెవలపర్ల సమావేశంలో నిర్ణయించారు. ఆ సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, ఎవరైనా వినవచ్చు. నిర్ణయం బయటికి రాగానే, ఆ నెట్‌వర్కు మీద అప్లికేషన్లు కడుతున్నవారూ ఇతరులూ ఒక బహిరంగ అభ్యంతర పత్రం మీద సంతకాలు చేశారు. నాణేల ఓటు లేకుండానే, ఏ నోడూ ఏ బ్లాకునూ తిరస్కరించకుండానే ఆ ప్రతిపాదన అటకెక్కింది.

రెండోది 2024 నాటిది. మామూలు ఖాతాలు తమ అధికారాన్ని ఒక స్మార్ట్ ఒప్పందానికి అప్పగించే వీలు కల్పించే ఈఐపీ 3074ను తదుపరి అప్‌గ్రేడులో చేర్చాలని ఏప్రిల్‌లో అనుకున్నారు. అది వాలెట్ల భవిష్యత్తును ఇరుకున పెడుతుందని స్మార్ట్ వాలెట్ల (ఇటువంటి ఒప్పందాలతో నడిచే వాలెట్ల) మీద పనిచేసేవారు అభ్యంతరం చెప్పగా, దాని స్థానంలో ఈఐపీ 7702 వచ్చి 2025 మే 7న పెక్ట్రా అనే అప్‌గ్రేడుతో పాటు అమలైంది. మీ తరఫున గట్టిగా మాట్లాడగల స్థానం మీ వాలెట్ తయారీదారుది. ఒక ప్రతిపాదన మీద వారి వైఖరి ఏమిటని మీరు అడగడానికి నోడు అక్కర్లేదు, నిల్వ అక్కర్లేదు. పదిమంది అడిగితే వారు సమాధానం రాయక తప్పదు.

ఈ రెండింటిలోనూ అభ్యంతరం పనిచేసింది ప్రతిపాదన ఇంకా ముసాయిదాగానో, అమలు తేదీకి దూరంగానో ఉన్నప్పుడు. అప్‌డేట్ సందేశం వచ్చాక మాట్లాడడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది. ముసాయిదా అంతా చదవాలని కూడా నేను అనను. ఎందుకు తెస్తున్నారన్న భాగం, పాతవాటితో పొసగుతుందా లేదా అన్న భాగం, భద్రతకు సంబంధించిన భాగం చదివితే ఎవరి ఖర్చుతో ఎవరికి లాభమో చాలావరకు తెలిసిపోతుంది. ఉదాహరణకు 2021 ఆగస్టులో అమలైన ఈఐపీ 1559లో మూల రుసుమును దహనం చేస్తారన్న (ఎవరికీ ఇవ్వకుండా నాశనం చేస్తారన్న) ఒక్క వాక్యం చాలు, మైనర్లలో చాలామంది దాన్ని ఎందుకు వ్యతిరేకించారో గ్రహించడానికి.

మనిషికొక ఓటు అన్న ప్రశ్నకు జీక్యాష్ అనే క్రిప్టోకరెన్సీ ఒక జవాబు ప్రయత్నించింది. జీక్యాష్ ఫౌండేషన్ ఏర్పాటు చేసిన సలహా మండలిలో సభ్యుల దగ్గర ఎన్ని నాణేలున్నాయన్న లెక్క ఉండదు, ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు, అదీ రహస్యంగా. 2020 నవంబరు తరువాత కూడా కొత్తగా పుట్టే నాణేల్లో 20 శాతం అభివృద్ధి నిధికి పోవాలా అన్న చర్చలో ఈ మండలి అభిప్రాయం కీలకమైంది. మంచి పద్ధతే. కాకపోతే మండలిలో ఎవరుండాలన్నది మరెవరో నిర్ణయించాలి, పేరు బయటపెట్టడం ఇష్టంలేని వినియోగదారుడికి అందులో చోటు దొరకడం కష్టం.

నాకు తోచిన పరిష్కారం వేరే. సామాన్య వినియోగదారులకు నిర్ణయాధికారం కంటే వాయిదా హక్కు ఇవ్వడం మేలు. గత ఏడాదిలో నిజంగా లావాదేవీలు జరిపిన వాలెట్లలో ఒక చిన్న భాగం అభ్యంతరం చెబితే, ప్రతిపాదన రద్దు కాదు గానీ అమలు ఆరు నెలలు వెనక్కి పోతుంది, ఒక్క ప్రతిపాదనకు ఒక్కసారే. లెక్కల_మనిషి గారు చెప్పిన వంద వాలెట్ల మోసం ఇక్కడా చేయవచ్చు, కానీ మోసం చేసినవాడికి దక్కేది ఆరు నెలల ఆలస్యమే తప్ప ఖజానా కాదు. ఆ ఆరు నెలల్లో వాలెట్ తయారీదారులు, వ్యాపారులు, నోడ్లు నడిపేవారు విషయాన్ని చదువుకుంటారు. నిరాకరించదలచినవారు నోడు_కాపరి గారు చెప్పిన దారిలో సిద్ధపడతారు.

లెక్కల_మనిషి

వాయిదా హక్కు నాకు నచ్చింది, కానీ ఒక చిక్కు విప్పకుండా దాన్ని అమలు చేయలేము. 2018 సెప్టెంబరులో బిట్‌కాయిన్ కోర్‌లో ఒక లోపం బయటపడింది. ఒకే నాణేన్ని ఒకే లావాదేవీలో రెండుసార్లు ఖర్చుపెట్టి, లేని నాణేలను పుట్టించే అవకాశం అందులో ఉంది. డెవలపర్లు మొదట దాన్ని నోడ్లను కూలగొట్టే లోపంగా మాత్రమే చెప్పి, 0.16.3 వెర్షన్‌ను విడుదల చేసి, అసలు తీవ్రతను కొన్ని రోజుల తరువాత వెల్లడించారు. అటువంటప్పుడు ఆరు నెలలు కాదు, ఆరు రోజులు ఆగినా ప్రమాదమే. అత్యవసరానికి మినహాయింపు పెట్టక తప్పదు, పెడితే ఇష్టంలేని వాయిదాను తప్పించుకోవడానికి ప్రతి మార్పునూ అత్యవసరమే అంటారు.

ముసాయిదా_పాఠకుడు

మినహాయింపును ఇరుకుగా రాయవచ్చు. అందరూ అప్పటికే అమలులో ఉందని నమ్ముతున్న నియమాన్ని కోడ్‌లో తిరిగి నిలబెట్టే మార్పుకు మాత్రమే అది వర్తించాలి. కొత్త నియమం తెచ్చే మార్పుకు గానీ, ఎవరి నాణేలనైనా కదిపే, స్తంభింపజేసే మార్పుకు గానీ వర్తించకూడదు. ఆ కొలతతో చూస్తే 2018 నాటి సవరణ మినహాయింపులోకి వస్తుంది, ఎందుకంటే నాణేలు 2.1 కోట్లకు మించవన్నది ప్రతి వినియోగదారుడూ ముందే ఒప్పుకున్న నియమం. 2016 నాటి డావో ఫోర్క్, 2020లో స్టీమ్ విట్‌నెస్‌లు చేసిన స్తంభన రెండూ బయటే ఉండిపోతాయి. రెండో దాని విషయంలో నా సానుభూతి విట్‌నెస్‌ల వైపే ఉన్నా, వారు కూడా వినియోగదారులను అడిగి ఉండవలసింది.